రక్త పరీక్షకు కులం తెలియదు, సూది పట్టిన చేతికి తెలుసు

2023 మే 2న అమెరికాలోని ఫ్లోరిడాలో టోరి బోయి అనే 32 ఏళ్ల క్రీడాకారిణి తన ఇంట్లో ఒంటరిగా మరణించి కనిపించారు. ఆమె ఎనిమిది నెలల గర్భిణి. 2016 రియో ఒలింపిక్స్‌లో మహిళల వంద మీటర్ల రిలేలో అమెరికాకు స్వర్ణం తెచ్చిన నలుగురిలో ఆమె ఒకరు. పురిటి నొప్పులు మొదలైన స్థితిలోనే ప్రాణం పోయిందని, కారణమై ఉండగల సమస్యలలో శ్వాస అందకపోవడం, ఎక్లాంప్సియా ఉన్నాయని శవపరీక్ష నివేదిక తెలిపింది. ఆ రిలేలో ఆమెతో కలిసి పరుగెత్తిన ఆలిసన్ ఫెలిక్స్‌కు 2018లో ఇదే కోవకు చెందిన తీవ్రమైన రక్తపోటు వ్యాధి వచ్చి, 32వ వారంలోనే శస్త్రచికిత్స చేసి బిడ్డను బయటికి తీయవలసి వచ్చింది. ఇద్దరూ నల్లజాతి స్త్రీలు. ఇద్దరి దేహదారుఢ్యాన్నీ ప్రపంచం కళ్ళారా చూసింది.

అదే మే నెలలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఒక రక్త పరీక్షకు అనుమతి ఇచ్చింది. రక్తపోటుతో ఆసుపత్రిలో చేరిన గర్భిణికి రాబోయే రెండు వారాలలో తీవ్రమైన ప్రీఎక్లాంప్సియా వచ్చే ప్రమాదం ఎంత ఉందో రక్తంలోని రెండు ప్రోటీన్ల నిష్పత్తిని బట్టి చెప్పే పరీక్ష అది. ఐరోపాలో అప్పటికే కొన్నేళ్లుగా వాడుకలో ఉంది. మన దేశంలోనూ పెద్ద నగరాల ప్రైవేటు ప్రయోగశాలల్లో డబ్బు పెట్టగలిగినవారికి ఇది దొరుకుతోంది. రేపో మాపో ప్రభుత్వ ఆసుపత్రులకూ రావాలన్న చర్చ మొదలవుతుంది. మొదలవ్వాలి కూడా. ఆ చర్చ వైద్యుల సదస్సులకే పరిమితమైతే అందులో అడగవలసిన ప్రశ్నలు సగం మిగిలిపోతాయన్నదే నా భయం. నేను వైద్యురాలిని కాను, సమాజశాస్త్రం బోధించే అధ్యాపకురాలిని. కులాల చర్చకు కేటాయించిన ఈ పేజీలో రక్త పరీక్ష గురించి రాయడానికి కారణం ఉంది. వేల ఏళ్లుగా ఈ దేశంలో రక్తం పేరుతో మాట్లాడే హక్కును కులం గుత్తకు తీసుకుంది. ఇప్పుడు ప్రయోగశాల మాట్లాడుతోంది. ఏం చెబుతోందో శ్రద్ధగా వినాలి.

మన పల్లెల్లో ఈ జబ్బు చివరి దశకు ఒక పేరుంది: గుర్రపువాతం. కాళ్ళకు, ముఖానికి నీరు రావడం, తల పగిలిపోయేంత నొప్పి, కళ్ళు మసకలు కమ్మడం, ఆ తర్వాత ఫిట్స్. ఇరవై వారాలు దాటాక రక్తపోటు 140/90కి చేరి, దానితోపాటు మూత్రంలో ప్రోటీన్ పోవడమో, కాలేయం, మూత్రపిండాలు దెబ్బతినడమో కనిపిస్తే దాన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. 2014లో వెలువడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ విశ్లేషణ ప్రకారం ప్రపంచంలోని ప్రసూతి మరణాల్లో దాదాపు ఏడింట ఒకటి గర్భకాలపు అధిక రక్తపోటు వల్లే సంభవిస్తోంది.

ఈ జబ్బు మూలం తల్లి గుండెలోనో రక్తనాళాల్లోనో కాక మాయలో ఉందని వైద్యులు చాలాకాలంగా అనుమానిస్తూనే ఉన్నారు. మాయ బయటికి వచ్చాక వ్యాధి తగ్గుముఖం పట్టడమే ఆ అనుమానానికి ఆధారం. కానీ మాయ నుంచి ఏం వెలువడి తల్లి ఒళ్లంతా పాకుతోందో తేలలేదు. (తెలుగులో ఆ అవయవానికి మాయ అని పేరు పెట్టినవాళ్ళు ఎంత ముందుచూపుతో పెట్టారో!) మద్రాసు మెడికల్ కళాశాలలో చదివి అమెరికా వెళ్లిన మూత్రపిండాల వైద్యుడు అనంత్ కరుమంచి, బోస్టన్‌లోని ఆయన సహచరులు 2003లో ఆ ముడి విప్పారు. రక్తనాళాలను ఆరోగ్యంగా ఉంచే పీఎల్‌జీఎఫ్ అనే ప్రోటీన్ గర్భిణి రక్తంలో పుష్కలంగా ఉండాలి. దెబ్బతిన్న మాయ ఎస్ఎఫ్ఎల్‌టీ-1 అనే మరో ప్రోటీన్‌ను అతిగా విడుదల చేస్తుంది. అది మొదటిదాన్ని పట్టి బంధిస్తుంది. రక్షణ కోల్పోయిన రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని, పోటు పెరుగుతుంది, మూత్రపిండాలు కారతాయి. ఎలుకలలో ఆ ప్రోటీన్‌ను ఎక్కువ చేస్తే ఇవే లక్షణాలు వచ్చాయి. లక్షణాలు బయటపడటానికి సుమారు అయిదు వారాల ముందే ఆ ప్రోటీన్ పెరగడం మొదలవుతుందని 2004లో మరో అధ్యయనం చూపింది.

అయిదు వారాలు! బస్సు రాని ఊళ్ళో, కూలి మానితే పొయ్యి వెలగని ఇంట్లో అయిదు వారాల ముందు తెలియడమంటే ఏమిటో ఈ పాఠకులకు వివరించనక్కరలేదు.

అయితే పరీక్ష ఏం చేస్తుందో, ఏం చేయదో విడమరచి చూడాలి. 2016లో అచ్చయిన ఒక అంతర్జాతీయ అధ్యయనం ఆ రెండు ప్రోటీన్ల నిష్పత్తి 38 లేదా అంతకంటే తక్కువ ఉంటే రాబోయే వారంలో ఈ వ్యాధి రాదని 99.3 శాతం నమ్మకంతో చెప్పవచ్చని తేల్చింది. అంటే 'భయం లేదు, ఇంటికి వెళ్ళవచ్చు' అని చెప్పడంలోనే దాని బలం. 'వస్తుంది' అని చెప్పడంలో అంత బలం లేదు. బ్రిటన్‌లోని 11 ఆసుపత్రుల్లో జరిపి 2019లో ప్రచురించిన పరిశోధనలో పీఎల్‌జీఎఫ్ ఫలితం వైద్యుల చేతికి అందినప్పుడు వ్యాధి నిర్ధారణకు పట్టే కాలం 4.1 రోజుల నుంచి 1.9 రోజులకు తగ్గింది. తల్లులకు తీవ్రమైన హాని జరిగిన సందర్భాలూ తగ్గాయి. ఈ పరీక్షతో జబ్బు నయం కాదు. కాన్పు తప్ప దీనికి మందు లేదు. పరీక్ష వల్ల చేతికి వచ్చేది కాలం. ఆ కాలాన్ని వాడుకోవడానికి మంచం, మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్, నెలలు నిండని బిడ్డను బతికించే యంత్రం, రాత్రి రెండు గంటలకు వచ్చే అంబులెన్సు ఉండాలి. మెగ్నీషియం సల్ఫేట్ ఫిట్స్ ప్రమాదాన్ని సగానికి పైగా తగ్గిస్తుందని 2002లోనే 33 దేశాల్లో దాదాపు పదివేల మంది స్త్రీలతో జరిగిన పరీక్ష రుజువు చేసింది. చవకైన మందు అది. అది లేని చోట ఖరీదైన నిష్పత్తి ఎందుకని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్నను తోసిపుచ్చలేం.

ఈ విషయం తరగతిలో చర్చకు వచ్చినప్పుడు ఒక విద్యార్థి లేచి, 'మేడం, ఇన్నాళ్లకు మన కులం అడగని పరీక్ష ఒకటి వచ్చింది కదా' అన్నాడు. ఆ మాటలో ఆశ ఉంది. అందులో నిజం ఎంతో చూద్దాం.

ప్రయోగశాల జాతిని అడగదనుకోవడం పొరపాటు. గర్భం తొలి మూడు నెలల్లోనే ఈ వ్యాధి ముప్పును లెక్కగట్టే పద్ధతి ఒకటి లండన్ కేంద్రంగా అభివృద్ధి చెంది ప్రపంచమంతటా వ్యాపించింది. రక్తపోటు, గర్భాశయ రక్తనాళాల స్కానింగ్, పీఎల్‌జీఎఫ్ విలువ మొదలైనవాటిని కలిపి అది ముప్పును చెబుతుంది. మంచి పద్ధతే. ముప్పు ఎక్కువని తేలిన స్త్రీలకు రాత్రిపూట 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇస్తే నెలలు నిండకముందే వచ్చే ప్రీఎక్లాంప్సియా 62 శాతం తగ్గిందని 2017లో తేలింది. కానీ ఆ లెక్కలో గర్భిణి జాతి ఏదన్న గడి కూడా ఉంటుంది: తెల్ల, నల్ల, దక్షిణాసియా, తూర్పు ఆసియా, మిశ్రమ. ఆ గడిని బట్టి ప్రోటీన్ విలువను సవరిస్తారు. మాదిగ పల్లె నుంచి వచ్చిన కూలిమనిషీ, జూబ్లీహిల్స్ నుంచి వచ్చిన పారిశ్రామికవేత్త కోడలూ ఆ గడిలో ఒక్కటే, దక్షిణాసియా స్త్రీలు. ఒకవిధంగా నవ్వు వస్తుంది. లండన్ కంప్యూటరు ఒక్క క్లిక్‌తో కులనిర్మూలన చేసేసింది!

అమెరికాలో ఈ గడి మీద పెద్ద వాదమే జరిగింది. మూత్రపిండాల పనితీరు లెక్కలో నల్లజాతివారికి విడిగా వాడిన సవరణను 2021లో వచ్చిన కొత్త సూత్రం తొలగించింది. అదే ఏడాది, గర్భిణులలో ఎవరికి ఆస్పిరిన్ ఇవ్వాలో చెప్పే అమెరికా నిపుణుల కార్యదళం నల్లజాతి స్త్రీలను ముప్పు ఉన్నవారి జాబితాలో ఉంచుతూనే ఒక మాట చేర్చింది: ఈ ముప్పుకు కారణం జీవశాస్త్రం కాదు, సామాజిక పరిస్థితులు. ఈ చిన్న వాక్యం వెనుక ఎన్నో ఏళ్ల పోరాటం ఉంది. జాతి వివక్ష శరీరంలోకి దిగుతుంది, అయినా జాతి శరీరంలో పుట్టదు అన్న విచక్షణను ఒక వైద్య సంస్థ అధికారికంగా రాసుకోవడం సామాన్యమైన సంగతి కాదు.

మనకు ఈ విచక్షణ మరింత అవసరం. 1916 మే నెలలో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలోనే అంబేద్కర్ కులానికి ఆయువుపట్టు రక్తంలో లేదని, లోపలి వివాహాల కట్టడిలో ఉందని తేల్చిచెప్పారు. ముక్కుల కొలతలు తీసి బ్రాహ్మణులు ఒక జాతి, అంటరానివారు మరో జాతి అని వాదించినవారికి ఆ కొలతలతోనే జవాబిచ్చారు. నూరేళ్ల తర్వాత జన్యుశాస్త్రం ఆయన చెప్పిన వివాహ కట్టడి గుర్తులను రక్తంలో చూపిస్తోంది. హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు 2017లో ప్రచురించిన పరిశోధన ఇందుకు ఉదాహరణ. మన రెండు రాష్ట్రాల్లో లక్షల సంఖ్యలో ఉన్న వైశ్య సముదాయంలో తరతరాల అంతర్వివాహాల వల్ల ఒక ఎంజైము లోపం ఇతరులకంటే దాదాపు వంద రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. ఆపరేషన్ సమయంలో కండరాలు సడలించడానికి ఇచ్చే ఒక మందు అలాంటివారికి ప్రమాదం. మత్తు వైద్యులకు అది తెలిసి ఉండాలి, తెలుసు కూడా. కనుక కులం గురించి వైద్యం ఎన్నడూ అడగకూడదని నేను అనడం లేదు. ఆ లోపం మూసుకున్న తలుపుల పెళ్లిళ్లు మిగిల్చిన గుర్తు. ఒకరి రక్తం గొప్పదనో మరొకరి రక్తం తక్కువదనో అది చెప్పదు. నిజానికి 'శుద్ధ రక్తం' కోసం కట్టిన గోడే రక్తానికి చేటు తెచ్చిందని చెబుతుంది.

రేపు మన ఆసుపత్రుల్లో పీఎల్‌జీఎఫ్ విలువలు సేకరించినప్పుడు దళిత, ఆదివాసీ స్త్రీలలో అవి వేరుగా ఉన్నాయని ఏ పరిశోధకుడైనా రాస్తే ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. 'వాళ్ళ శరీర తత్వమే అంత' అనే పాత మాటకు కొత్త గ్రాఫు దొరుకుతుంది. పదహారేళ్లకే పెళ్లి, రక్తహీనత, పాలు పెరుగు దొరకని తిండి, తొమ్మిదో నెల దాకా నాట్లు వంటివి గ్రాఫులో కనబడవు. కాల్షియం తక్కువగా తినే సమాజాల్లో గర్భిణులకు కాల్షియం ఇస్తే ఈ వ్యాధి తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. తిండిలో లేని పాలు రక్తంలో జాతిగా కనిపించడం ఎంత విడ్డూరం!

'ఇదంతా పేదరికమే, కులం ఎందుకు' అనేవారు ఎప్పుడూ ఉంటారు. వారికి ఒక లెక్క చెబుతాను. తొమ్మిది రాష్ట్రాల సర్వేల ఆధారంగా 2022లో వ్యాస్, హాథి, గుప్తా ప్రచురించిన పరిశోధన ప్రకారం అగ్రవర్ణ హిందువులకంటే ఆదివాసీల సగటు ఆయుర్దాయం నాలుగేళ్లకు పైగా, దళితులది మూడేళ్లకు పైగా తక్కువ. ఆర్థిక స్థితి ఈ తేడాలో సగాన్ని కూడా వివరించలేకపోయింది. మిగిలిన సగానికి పైగా ఏమిటి?

రక్తపోటు చూడాలంటే చేతికి పట్టీ కట్టాలి. కట్టాలంటే ముట్టుకోవాలి. నా దృష్టిలో మొత్తం సమస్య ఇక్కడే ఉంది. ఘనశ్యాం షా, హర్ష్ మందర్, సుఖదేవ్ థోరట్, సతీశ్ దేశ్‌పాండే, అమితా బవిస్కర్ కలిసి 2006లో వెలువరించిన గ్రామీణ అంటరానితనం అధ్యయనం మన రాష్ట్రం సహా 11 రాష్ట్రాల్లోని 565 గ్రామాలను పరిశీలించింది. దాదాపు మూడో వంతు గ్రామాల్లో ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది దళితుల ఇళ్లలోకి రావడానికి నిరాకరించారు. సంఘమిత్ర ఆచార్య గుజరాత్, రాజస్థాన్ పల్లెల్లో దళిత పిల్లల మీద చేసిన అధ్యయనంలో వివక్ష ఎక్కువగా ఎక్కడ జరుగుతోందంటే ముట్టుకోవలసి వచ్చిన చోటే: పరీక్షించేటప్పుడు, మందు చేతికిచ్చేటప్పుడు. ఇవి పాత లెక్కలు, ఇప్పుడు మారిపోయిందని కొందరంటారు. కొంత మారింది. ఆశా కార్యకర్తలలో, నర్సులలో మన ఆడపిల్లలే ఎందరో ఉన్నారు. ఆ మార్పు తెచ్చింది వాళ్ళే. అయినా మంచానికి మూడడుగుల దూరం నుంచి 'నీరు వచ్చిందా, వస్తుందిలే, ఉప్పు తగ్గించు' అని చెప్పి పంపడం ఆగిందని నేను నమ్మను.

మా చిన్నమ్మ తొలి కాన్పుకు అలాగే పంపించేశారు. నేను పుట్టకముందు మాట. ఆసుపత్రి పేరు ఇక్కడ అనవసరం. మా అమ్మ ఇప్పటికీ చెప్పేది ఒక్కటే: 'చెయ్యి పట్టుకుని చూడలేదమ్మా.' ఆమె జ్ఞాపకంలో మూర్ఛలకన్నా, మరణంకన్నా ఆ ఒక్క విషయమే గట్టిగా నిలిచింది. పట్టీ కట్టి ఉంటే అంకె కనబడేది. అంకె కనబడితే కాన్పు చేసేవారేమో.

నా విద్యార్థి ఆశ ఈ సందర్భంలోనే అర్థమవుతుంది. అయిదు మిల్లీలీటర్ల రక్తం తీసి నగరానికి పంపితే అక్కడి యంత్రం ఎవరి ముఖమూ చూడదు. నిజమే. ఆ రక్తం తీయడానికి కూడా చెయ్యి పట్టుకోవాలి. గొట్టం మీద పేరు రాయాలి, నమూనా చెడకముందే పంపాలి, వచ్చిన ఫలితాన్ని ఆమె వాడకు తీసుకువెళ్లి చెప్పాలి. యంత్రానికి ముందు నాలుగు చేతులు, తర్వాత నాలుగు చేతులు. ఆ ఎనిమిది చేతుల దగ్గర ఆలస్యమైన రెండు రోజులు బ్రిటన్‌లో పరీక్ష ఆదా చేసిన రెండు రోజులను మింగేస్తాయి.

ఆ ఆలస్యం ఎవరికి ఎంత జరుగుతోందో మనకు లెక్క లేదు. 2018-20 కాలానికి దేశంలో లక్ష సజీవ జననాలకు 97 మంది తల్లులు మరణించారు. తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. ఈ అంకెలను చూపి ప్రభుత్వాలు గర్వపడటంలో తప్పులేదు. చాలా కష్టపడి తగ్గించిన అంకెలవి. కానీ ఆ 43 మంది ఎవరు? ఏ వాడల వారు? ఆ బులెటిన్ రాష్ట్రం చెబుతుంది, కులం చెప్పదు. 2021లో అమెరికాలో లక్ష జననాలకు తెల్లజాతి తల్లులు 26.6 మంది, నల్లజాతి తల్లులు 69.9 మంది మరణించారని ఆ దేశ ప్రభుత్వమే ప్రకటించింది. సిగ్గుపడవలసిన అంకె అది. దాన్ని అచ్చువేసుకున్నారు గనుకే టోరి బోయి మరణం వ్యక్తిగత దురదృష్టంగా ముగియక, జాతీయ చర్చ అయింది. సరాసరి కింద మన మరణాలు దాక్కుంటున్నాయి. ఎన్నికలకు, రిజర్వేషన్లకు కులం లెక్క కావాలని వాదించే పార్టీలు ప్రసూతి మరణాల దగ్గర ఆ మాట ఎందుకు ఎత్తవో నాకు అంతుబట్టదు.

పరీక్ష ఇక్కడికి రావాలంటే ముందు ఇక్కడి స్త్రీల మీద అధ్యయనాలు జరగాలి. ఏ విలువ దగ్గర ప్రమాదమో మన వాళ్ళలో తేల్చుకోవాలి. అందుకు దళిత, ఆదివాసీ స్త్రీలు తప్పక ఉండాలి. ఎలా ఉండాలన్నదే చిక్కు. 2009-10లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ప్రాజెక్టులో ఆదివాసీ హాస్టళ్ల బాలికలకు సూదులు వేశారు. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 నివేదిక పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకాలు చేసింది తల్లిదండ్రులు కాదు, వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు. ఆ టీకా మంచిదా కాదా అన్నది వేరే సంగతి, మంచి టీకాయే. అడగకుండా తీసుకోవచ్చనుకున్న శరీరాలు ఎవరివన్నదే అసలు సంగతి. గర్భిణి రక్తం తీసుకునేవారు ఆమెకు గోండిలోనో కోయలోనో తెలుగులోనో చెప్పి తీసుకోవాలి. పరిశోధన ముగిశాక పరీక్ష ఆమె ఊరికే ముందు రావాలి.

ఏర్పాటు అసాధ్యమైనది కాదు. తెలంగాణ డయాగ్నస్టిక్స్ పద్ధతి ఇప్పటికే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నమూనా తీసి జిల్లా హబ్‌కు పంపి ఉచితంగా ఫలితం ఇస్తోంది. థైరాయిడ్ పరీక్ష చేసే తరహా యంత్రాల మీదే ఈ ప్రోటీన్లనూ కొలవవచ్చు. ప్రతి నెలా తొమ్మిదో తేదీన గర్భిణులకు ప్రత్యేక వైద్య శిబిరం 2016 నుంచీ నడుస్తోంది. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లును సమర్థిస్తూ అంబేద్కర్ ఆ భారంలో ప్రభుత్వానికీ వాటా ఉండాలన్నారు. ఆ లెక్కన, ఈ పరీక్షకు వెళ్లిన రోజు పోయిన కూలిని కూడా ప్రభుత్వమే చెల్లించాలి. ఆస్పిరిన్ మాత్రలు, కాల్షియం, పనిచేసే రక్తపోటు యంత్రం కొత్త పరీక్ష వచ్చేదాకా ఆగనక్కరలేదు, అవి రేపటి నుంచే కావాలి.

ఆ తర్వాత పరీక్ష వస్తే దాని రికార్డులో నాలుగు గళ్ళు ఉండాలి. రక్తం ఎప్పుడు తీశారు, ఫలితం ఎప్పుడు వచ్చింది, ఆ ఫలితం ఆమెకు ఎప్పుడు చేరింది, ఆమె సామాజిక వర్గం ఏది. నాలుగో గడిని ముప్పు లెక్కలో వాడరాదు. మొదటి మూడు గళ్ళ మధ్య గడిచిన గంటలను ఆ గడి వారీగా విడదీసి, ప్రతి ఏటా జిల్లాల వారీగా అచ్చువేయాలి. కిట్ల కొనుగోలుకు టెండరు పిలిచే నాడే ఈ షరతు రాసుకోవాలి, తర్వాత అడిగితే సాఫ్ట్‌వేర్‌లో వీలు కాదంటారు.